ఆస్పత్రి బిల్లును చదువుట

సంతలో వంకాయలు కొనునప్పుడు పుచ్చులను ఏరి ప్రక్కన పెట్టని గృహిణి మనలో ఉండదు. కిరాణా కొట్టులో గుమాస్తా వ్రాసి యిచ్చిన చీటీని మరల ఒకసారి కూడి చూచుకొనని గృహస్థుడును అరుదు. అట్టి మనమే, ఆస్పత్రి నుండి రోగిని ఇంటికి తీసికొనిపోవు దినమున లక్ష రూపాయల బిల్లు చేతికి వచ్చినప్పుడు, చివరి పుటలో చివరి పంక్తిలో నున్న మొత్తమును మాత్రము చూచి, ఒక నిట్టూర్పు విడిచి, డబ్బు కట్టి వచ్చుచున్నాము. ముందరి పుటలలో ఏమి వ్రాసి యున్నదో చూడము. చూచినను అడుగము.

ఈ మౌనమునకు కారణములు లేకపోలేదు. రోగి ఇంకను మేడమీది గదిలోనే ఉన్నాడు. చేతికి గుచ్చిన సూదిని అప్పటికింకను తీయలేదు. మనము ఏమైనను అన్నచో వారు మనస్సులో పెట్టుకొందురేమో, రేపు మరల వీరి గడపయే తొక్కవలసి వచ్చునేమో అను భయము ఒకటి. ప్రాణము నిలిపినవారి యెదుట పైసల లెక్క తీయుట కృతఘ్నత యను సంకోచము మరియొకటి. వైద్యుని దేవునితో సమానముగా చూచు సంప్రదాయములో పెరిగినవారము; దేవుని హుండీలో వేసిన డబ్బునకు రసీదు అడుగు అలవాటు మనకు లేదు. ఇక ఆ బిల్లులోని భాష సంగతి చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు పొడి అక్షరములు, అంకెలు. వాటి నడుమ మనకు అర్థమగు మాట ఒక్కటే కనబడును. అది మన రోగి పేరు. అదియు ఒక్కొక్కప్పుడు తప్పుగా ఉండును.

నా సంగతియే చెప్పెదను. మాటయే వృత్తిగా గలవాడను. మైకు ముందు కూర్చున్నచో తడబడక గంటసేపు మాటలాడగలను. 2011లో మా నాన్నగారికి గుండెనొప్పి వచ్చి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. బిల్లు పదకొండు పుటలు వచ్చినది. డబ్బు కట్టు కిటికీ ముందు నిలుచున్న నాకు నోట మాట రాలేదు. మొత్తము చూచి, కార్డు ఇచ్చి, సంతకము చేసినాను. నెల రోజుల తరువాత నాన్నగారు కోలుకొని, వసారాలో కూర్చుండి, తోచక ఆ కాగితములు తిరగవేయుచు, "ఒరేయ్, నాకు మోకాలి ఎక్స్‌రే ఎప్పుడు తీశార్రా?" అని అడిగినారు. తీసినట్లు ఆయనకు గుర్తు లేదు. రాత్రింబగళ్ళు ప్రక్కనే ఉన్న మా అమ్మకును గుర్తు లేదు. నేను ఏదో సర్దిచెప్పి ఆ కాగితములను బీరువాలో పెట్టినాను. ఆ ఎక్స్‌రే ఎవరి మోకాలిదో నాకు ఈనాటికిని తెలియదు.

తెలిసికొను పద్ధతిని నాకు నేర్పినవారు మా పెదనాన్నగారు. ఆయన ఖజానా శాఖలో ముప్పది యేండ్లు అకౌంటెంటుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. జేబులో ఎఱ్ఱ పెన్సిలు లేకుండ ఇప్పటికిని గడప దాటరు. మూడేండ్ల క్రిందట మా బావగారికి పిత్తాశయములో రాళ్ళు ఏర్పడి, ఒక పట్టణములోని ప్రైవేటు ఆస్పత్రిలో శస్త్రచికిత్స జరిగినది. చేరునాడు నోటిమాటగా చెప్పిన అంచనా 75,000 రూపాయలు. అయిదవనాడు వచ్చిన బిల్లు 1,38,460 రూపాయలు. మా అక్కయ్య ఆ కాగితము చూచి, ఏమియు మాటలాడక, చేతి గాజులు తీసి నా చేతిలో పెట్టినది. బజారులో తాకట్టు కొట్టును ఎనిమిది గంటలకు మూయుదురు; అప్పటికి ఆరున్నర అయినది. నేను లేచి బయలుదేరుచుండగా పెదనాన్నగారు, "కూర్చో. ముందు లెక్క చూద్దాం. గాజులు ఎక్కడికీ పోవు" అన్నారు.

మాకు ఇచ్చినది ఒకే ఒక్క పుట. గది, మందులు, పరీక్షలు, డాక్టర్లు, ఇతరములు: అయిదు పద్దులు, అయిదు మొత్తములు. ఆయన దానిపై పెన్సిలు కూడ పెట్టలేదు. కిటికీలోని అమ్మాయితో, "ఇది బిల్లు కాదమ్మా, బిల్లుకు తాత్పర్యం. ఇతరాలు అని రాసుకొచ్చిన వోచరును పాస్ చేస్తే మా ఖజానాలో నా ఉద్యోగం ఊడేది. తేదీవారీగా, వస్తువువారీగా వివరాలు ఇప్పించు తల్లీ" అన్నారు. గొంతు పెంచలేదు. ఆమె లోనికి వెళ్ళి పదునాలుగు పుటలు అచ్చు తీసి తెచ్చినది. అవి చాలవని, మంచము వద్ద నర్సులు పూటపూటకు నింపు మందుల చార్టును కూడ చూపుమన్నారు. దానికి మాత్రము కొంత తర్జనభర్జన జరిగినది. తుదకు బిల్లింగు విభాగపు అధికారి ఒకాయన ఆ చార్టును, కేసుషీటును తెచ్చి మా ప్రక్కనే కూర్చుండుటకు ఒప్పుకొన్నాడు.

తరువాత జరిగినది చాల సామాన్యమైన పని. ఒక ప్రక్క బిల్లు, ఒక ప్రక్క చార్టు. ఒక పంక్తి ఇది, ఒక పంక్తి అది. బావగారు శస్త్రచికిత్స తరువాత సాయంకాలము నాలుగు గంటలకు ఐ.సి.యు.లో చేరి మరునాటి ఉదయము పది గంటలకు గదికి వచ్చినారు. పదునెనిమిది గంటలు. నడుమ తేదీ మారినది గనుక బిల్లులో రెండు రోజులు వేసినారు; రోజుకు 9,000 రూపాయలు. ఆయన ఐ.సి.యు.లో ఉన్న రాత్రికే, ఎవరును లేని గదికి కూడ 4,500 అద్దె పడినది. ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షను బిల్లులో 14 సీసాలు, చార్టులో 8. సీసా 640 రూపాయలు. వాడక తిరిగి ఇచ్చివేసిన మందుల విలువ 2,310 రూపాయలు జమ పడలేదు. ఒక ఫిజీషియన్ ఎనిమిది మారులు వచ్చి చూచినట్లు బిల్లు చెప్పుచున్నది. కేసుషీటులో ఆయన సంతకములు మూడే ఉన్నవి. మారునకు 800 రూపాయలు. అన్నియు కూడగా తేలిన తేడా 23,650 రూపాయలు.

పెదనాన్నగారి పెన్సిలు రెండు చోట్ల తప్పటడుగు వేసినది, అదియు చెప్పవలెను. మత్తు ఇచ్చు డాక్టరు రుసుము శస్త్రచికిత్స రుసుములోనే చేరియుండునని ఆయన తలచినారు. అవి రెండును వేరని, ఇద్దరును వేర్వేరు వైద్యులని ఆ అధికారి చూపించినాడు. తీసివేసిన పిత్తాశయమును సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించుటకు వేసిన రుసుమును చూచి, "తీసి పారేసినదానికి పరీక్ష ఏమిటయ్యా?" అని ప్రశ్నించినారు. తీసిన అవయవములో కంటికి కనబడని దుష్టరోగము దాగియున్నదేమో చూచుట మంచి వైద్యములో భాగమేనని తెలిసిన పిదప, తాను గీచిన గీతను రబ్బరుతో తుడిచి, ప్రక్కన "సరి" అని వ్రాసినారు. ఆ తుడుపు ఆ గదిలోని గాలినే మార్చినదని నాకు తోచినది. అంతవరకు బిగుసుకొని కూర్చున్న ఆ అధికారి తరువాతి పద్దులను తానే విప్పి చూపసాగినాడు. మందుల జమ పడని సంగతిని పట్టుకొన్నది ఆయనయే.

రాత్రి తొమ్మిది గంటలకు సవరించిన బిల్లు వచ్చినది: 1,14,810 రూపాయలు. మొదట చెప్పిన అంచనాకును దీనికిని ఇంకను నలువది వేల వ్యత్యాసము ఉన్నది గదా అని మీరు అడుగవచ్చును. అది మోసము కాదు, మేము అడుగకపోవుటచే వచ్చిన వ్యత్యాసము. 75,000 అన్నది శస్త్రచికిత్సకు, గదికి మాత్రమే. మందులు, పరీక్షలు, మత్తు డాక్టరు, ఇతర వైద్యుల రుసుములు అందులో లేవు. నోటిమాట అంచనాలో ఏది చేరినదో, ఏది చేరలేదో ఎవరు చెప్పగలరు? అక్కయ్య గాజులు మాత్రము, కొట్టు మూసివేసినందున, ఆ రాత్రి తాకట్టునకు పోలేదు. డబ్బు స్నేహితుల వద్ద సర్దుకొన్నాము.

ఆ 23,650 రూపాయలు దొంగతనమా యని తరువాత చాలమంది నన్ను అడిగినారు. కాదనియే నా అభిప్రాయము. వార్డులోని నర్సు మందులు తెప్పించినప్పుడు ఒక యంత్రములో నమోదగును. రోగికి ఇచ్చినప్పుడు మరియొక కాగితములో నమోదగును. ఈ రెంటిని సరిపోల్చు బాధ్యత ఎవరికిని లేదు. పొరపాట్లు సహజము. అవి అన్నియు ఒకే వైపునకు ఒరుగుచుండుట మాత్రము వింత. ఐ.సి.యు.లో రెండు రోజులుండగా పొరపాటున ఒక్క రోజు వేసిన బిల్లును నేను ఇంతవరకు చూడలేదు.

గదిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసి యున్నది. ఆస్పత్రిలో గది యన్నది హోటలులో గది వంటిది కాదు. హోటలులో గది పెద్దదైనచో అద్దె పెరుగును. ఇడ్లీ ధర పెరుగదు. పెక్కు ఆస్పత్రులలో గది తరగతి మారినచో డాక్టరు రుసుము, శస్త్రచికిత్స రుసుము, ఒక్కొక్కచోట రక్తపరీక్ష ధర కూడ మారును. అదే కత్తి, అదే చేయి, అదే రక్తపు బొట్టు. సాధారణ వార్డులో ఒక ధర, ఏకాంత గదిలో ఒక ధర. దీనిని చేరునాడు చెప్పువారు తక్కువ. "ఆ గదులు నిండిపోయినవి, ఇదియే ఖాళీ యున్నది" అందురు, మనము తల ఊపుదుము. రోజుకు 5,000 రూపాయలు దాటిన గదికి, ఐ.సి.యు. వంటివి తప్ప, 2022 జులై 18 నుండి 5 శాతము జి.ఎస్.టి. కూడ వచ్చి చేరినది.

బీమా ఉన్నవారికి ఈ గది వ్యవహారము ఇంకొక మెలిక వేయును. కొన్ని పాలసీలలో గది అద్దెకు పరిమితి ఉండును. రోజుకు 5,000 వరకే అని పాలసీలో ఉండగా 10,000 గదిలో చేరినారనుకొనుడు. మిగిలిన 5,000 చేతి నుండి పెట్టుకొన్నచో సరిపోవునని అందరును తలతురు. సరిపోదు. గది రెట్టింపు తరగతిది గనుక డాక్టరు రుసుము, శస్త్రచికిత్స గది రుసుము వంటి వాటిలోను బీమా కంపెనీ సగమే చెల్లించును. మందులకు, పరీక్షలకు ఈ కోత ఉండదు. కాని లక్ష రూపాయల శస్త్రచికిత్సలో ఇంటికి పోవునాడు హఠాత్తుగా నలువది, ఏబది వేలు కట్టుమను మాట వినబడినచో దానికి మూలము తరచుగా ఇక్కడ ఉండును. అది ఆస్పత్రి మోసము కాదు, బీమా మోసమును కాదు. చదువక సంతకము చేసిన పాలసీలోని ఒక వాక్యము. చేతితొడుగులు, దూది, రోగి దుస్తులు మొదలైన కొన్ని చిల్లర వస్తువులకు కూడ పెక్కు పాలసీలలో డబ్బు రాదు. ఒక్క మేలు జరిగినది. ఆస్పత్రి తుది బిల్లు పంపిన మూడు గంటలలో బీమా కంపెనీ తన నిర్ణయము చెప్పవలెనని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించినది. నగదు రహిత చికిత్సలో కాగితము రాలేదని సాయంకాలము వరకు రోగిని మంచము మీదనే ఉంచి ఇంకొక రోజు అద్దె వేసినచో, ఆ ఆలస్యము ఎవరిదని అడుగుటకు మనకు ఆధారము ఏర్పడినది.

ఇక మందులు. మందుపై ముద్రించిన గరిష్ఠ ధర కంటె ఒక్క పైసా ఎక్కువ తీసికొనుట నేరము. ఇది అందరికిని తెలిసినదే. తెలియనిది మరొకటి. ఆ ముద్రిత ధరయే కొండంత ఉండవచ్చును. ఆస్పత్రికి ఆ వస్తువు పడినది పదింట ఒక వంతునకు కావచ్చును. ముద్రిత ధరకే అమ్మినారు గనుక చట్టము దృష్టిలో తప్పు లేదు. 2017లో గురుగ్రామ్‌లోని ఒక పెద్ద ఆస్పత్రిలో డెంగీ జ్వరముతో చేరిన ఏడేండ్ల బాలిక రెండు వారముల చికిత్స తరువాత మరణించినది. తలిదండ్రుల చేతికి వచ్చిన బిల్లు 15 లక్షలు దాటినది. అందులో సిరంజీలు వందల కొలది, చేతితొడుగులు వేల కొలది ఉన్నవి. ఆ వార్త దేశమును కదిలించినది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ ప్రాంతములోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులను పరిశీలించి, కొన్ని వస్తువులపై లాభము 1,737 శాతము వరకు ఉన్నదని తేల్చినది. ఒక రూపాయి వస్తువు పదునెనిమిది రూపాయలకు అమ్ముడుపోయినదన్నమాట. అదియు చాలవరకు ముద్రిత ధరకు లోబడియే.

ఇట్టి చోట మా పెదనాన్నగారి పెన్సిలు చెల్లదు. అక్కడ ప్రభుత్వమే పూనుకొనవలెను. పూనుకొన్నప్పుడు ఏమగునో చూచినాము. గుండె రక్తనాళములో పెట్టు స్టెంటు సంగతి తీసికొనుడు. మందు పూసిన స్టెంటుపై ముద్రించు ధర సగటున 1,21,400 రూపాయలుగా ఉండెడిది. 2017 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ దానిని పన్నులు గాక 29,600 రూపాయలకు, మందు పూయని దానిని 7,260 రూపాయలకు కట్టడి చేసినది. అప్పటి నుండి టోకు ధరల సూచీ ననుసరించి ఆ ధరను సవరించుచున్నారు. అదే సంవత్సరము ఆగస్టులో మోకాలి కీలు పరికరములకు ధర నిర్ణయించినారు. స్టెంటు ఆదేశములో ఒక చిన్న నిబంధన నాకు మిక్కిలి నచ్చినది. ఆస్పత్రి బిల్లులో స్టెంటు ధరను విడిగా, దాని పేరుతో, తయారుచేసినవారి పేరుతో, బ్యాచి నంబరుతో చూపవలెను. గుండె ఆపరేషను అని ఒక్క పద్దు వ్రాసి ఊరకుండుటకు వీలులేదు. ఖజానా శాఖవారు వ్రాసిన నిబంధనవలె ఉన్నది.

కరోనా కాలమును ఎవరు మరచిపోగలరు? 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు ఆస్పత్రులలో కొవిడ్ చికిత్సకు రోజుకు సాధారణ వార్డులో 4,000, ఐ.సి.యు.లో 7,500, వెంటిలేటరుపై 9,000 రూపాయలుగా ధర నిర్ణయించినది. ఖరీదైన మందులు, రక్షణ దుస్తులు, పెద్ద పరీక్షలు ఆ ధరలో చేరలేదు. ఆ సందులోనే బిల్లులు ఉబ్బినవి. ఫిర్యాదులు వెల్లువెత్తగా ఆ ఆగస్టులో కొన్ని ఆస్పత్రులకు కొవిడ్ చికిత్స చేయు అనుమతిని ప్రభుత్వము రద్దుపరచినది. ఆనాడు ఫలితము పొందినవారిలో కాగితము దాచుకొనని వారు నాకు తారసపడలేదు.

చట్టము మన ప్రక్కన ఎంతవరకు నిలుచును? కొంతవరకు నిలుచును. ప్రమాదములో వచ్చిన రోగికి ముందు చికిత్స, తరువాతనే తక్కిన లాంఛనములు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పినది. డబ్బు తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని అదే న్యాయస్థానము 1995 నవంబరులో తీర్పు ఇచ్చినది; వైద్య సంఘములు గట్టిగా ఎదిరించిన వ్యాజ్యమది. రోగి గాని అతని ప్రతినిధి గాని అడిగినచో 72 గంటలలో వైద్య రికార్డుల నకళ్ళు ఇవ్వవలెనని వైద్యుల ప్రవర్తనను గూర్చిన 2002 నాటి నియమావళి చెప్పుచున్నది. జాతీయ మానవ హక్కుల సంఘము సిద్ధపరచిన రోగుల హక్కుల పత్రమును కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రములకు పంపినది. ధరలను ముందుగా తెలిసికొనుటకును, వివరమైన బిల్లు పొందుటకును, మందులను తనకు నచ్చిన దుకాణములో కొనుటకును, పరీక్షలు నచ్చిన చోట చేయించుకొనుటకును రోగికి హక్కు కలదని అందులో ఉన్నది. బాకీ పేరిట రోగిని గాని, మరణించినవారి దేహమును గాని నిలిపివేయరాదని కూడ ఉన్నది. అయితే అది పత్రమే గాని చట్టము కాదు. అమలు రాష్ట్రముల చేతిలో ఉన్నది. ఆస్పత్రిలోని దుకాణములోనే మందులు కొనవలెనను నిర్బంధమును గూర్చి ఒకరు సుప్రీంకోర్టునకు వెళ్ళగా, విధానము నిర్ణయించుకొను పనిని న్యాయస్థానము 2025 మార్చిలో రాష్ట్రములకే వదలినది.

పేదల సంగతి మరచినానని తలపవలదు. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ నేడు తెలంగాణలో ఆ పేరుతోను, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ యను పేరుతోను నడచుచున్నది. ఆ పథకములో చేరిన చికిత్సకు ఆ పథకము క్రిందనే చేర్చుకొన్న రోగి వద్ద ఆస్పత్రి డబ్బు అడుగరాదు. ఈ పరీక్షకు పథకములో డబ్బు రాదు, పై మందులకు మీరే కట్టుకొనుడు అని మెల్లగా చెవిలో చెప్పువారుందురు. చెప్పినప్పుడు ఆ మాటనే కాగితముపై వ్రాసి యిమ్మని అడిగి చూడుడు. తరువాత ఆస్పత్రి వాకిటనే కూర్చుండు ఆరోగ్యమిత్ర వద్దకు వెళ్ళుడు.

కోర్టునకు పోవుట చివరి మెట్టు. మొదటి మెట్టు నగదు కిటికీయే. రెండవది ఆస్పత్రి పర్యవేక్షకునికి వ్రాతపూర్వకముగా ఇచ్చు ఉత్తరము. మాటలాడినదానికి సాక్ష్యముండదు, ఉత్తరము నకలుపై ముద్ర వేయించుకొన్నచో ఉండును. వాదించుటకు వ్యవధి లేనప్పుడు, రోగిని ఇంటికి తీసికొనిపోవుట ముఖ్యమైనప్పుడు, డబ్బు కట్టివేయుటయే మేలు. కట్టునప్పుడు వారి ప్రతిపై "అభ్యంతరముతో చెల్లించితిని" అని వ్రాసి సంతకము, తేదీ వేయుడు. మన ప్రతిపై కూడ అదే వ్రాసికొనుడు. ఒప్పుకొని కట్టినారు గదా యను వాదమునకు అది జవాబు. వినియోగదారుల సహాయ కేంద్రము టెలిఫోను నంబరు 1915. ఫలించనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. ఫిర్యాదునకు గడువు రెండేండ్లు. చెల్లించిన మొత్తము అయిదు లక్షలకు మించనిచో రుసుము లేదు. న్యాయవాది లేకయే మనమే వాదించుకొనవచ్చును. తేలుటకు మాత్రము కాలము పట్టును. ఈ ఓర్పు అందరికిని ఉండదు, ఉండవలెనని నేను అనను.

ఇటీవల మరియొక రకపు బిల్లు బయలుదేరినది. రోగి ఇంటికి వచ్చిన వారమునకు ఫోను మ్రోగును. "మీ బిల్లులో మూడు వేలు బాకీ మిగిలినది, బీమా డబ్బు విడుదల కావలెనన్న వెంటనే ఈ లింకులో కట్టుడు" అందురు. రోగి పేరు, చేరిన తేదీ కూడ సరిగా చెప్పుదురు, అందుచే నమ్ముదుము. ఆ లింకు ముట్టరాదు. ఫోను పెట్టివేసి, మన రసీదుపై నున్న ఆస్పత్రి నంబరునకు మనమే ఫోను చేసి అడుగవలెను. అప్పటికే డబ్బు పంపియున్నచో ఆలస్యము చేయక 1930కి చెప్పవలెను. గడియలు గడచిన కొలది డబ్బు చేతులు మారిపోవును.

నిరుడు పెదనాన్నగారికే కంటిలో శుక్లము వచ్చినది. నేను వెంట వెళ్ళినాను. చేరుటకు ముందే, లెన్సు ధర యెంత, దాని తయారీదారు ఎవరు, మందులు, పరీక్షలు ఇందులో చేరినవా, రాత్రి ఉండవలసి వచ్చినచో గది యెంత అని అడిగి, అంచనాను వ్రాసి యిమ్మన్నారు. బల్ల వద్ద నున్న అమ్మాయి ఆశ్చర్యపడి, "ఇలా ఎవరూ అడగరండీ తాతగారూ" అన్నది.

"నేను అడుగుతున్నాను గదమ్మా" అన్నారు ఆయన.

ఆమె నవ్వి లోనికి వెళ్ళినది. పావుగంటలో ఒక కాగితము టైపు చేయించి, ముద్ర వేయించి తెచ్చినది. పెదనాన్నగారు దానిని కంటికి దగ్గరగా పెట్టుకొని, శుక్లము అడ్డము వచ్చుచుండగా, జేబులోని పెన్సిలు తీసి, ఒక్కొక్క పంక్తి చదువ నారంభించినారు.